అర్తికొలత్సియోనె అంటే కీలా, ఉచ్చారణా, డ్యూటీ వేళలా? తరచుగా అడిగే ప్రశ్నలు

చదువుకో ఉద్యోగానికో ఇటలీ వెళ్ళే మనవాళ్ళు భాష మొదలుపెట్టిన కొన్నాళ్ళకే ఈ మాట దగ్గర ఆగిపోతారు. ఎముకల డాక్టర్ రాసిన చీటీలో ఇదే ఉంటుంది, భాషా తరగతిలో ఇదే వినిపిస్తుంది, ఉద్యోగ ఒప్పందంలోనూ ఇదే కనిపిస్తుంది. డిక్షనరీ తీస్తే ఒక దాని కింద ఒకటి అరడజను అర్థాలు. అందుకే జవాబులు కాస్త విడమరిచి రాస్తున్నాను. ఇటాలియన్ మాటలన్నీ తెలుగు లిపిలోనే ఉన్నాయి. చదివేటప్పుడు చివరి అచ్చును మరీ సాగదీయకండి.

ఒక్క ముక్కలో చెప్పండి, అసలు అర్థం ఏమిటి?

రెండు భాగాలు కలిసే చోటు. కలిసినా రెండూ రెండుగానే ఉండాలి, కదలిక ఉండాలి. మోచేయి అలాంటిదే. మాటలో అక్షరాలు విడివిడిగా వినబడుతూనే ఒకదానితో ఒకటి కలిసిపోవడమూ అలాంటిదే. ఒక పెద్ద సంస్థ శాఖలుగా విడిపోయి కూడా ఒకటిగా నడవడమూ అంతే. రెండు ముక్కల్ని కదలకుండా అతికించేస్తే దానికి ఇటాలియన్‌లో వేరే మాటలున్నాయి. ఈ ఒక్క తేడా పట్టుకుంటే మిగతా అర్థాలను బట్టీ పట్టనక్కర్లేదు.

ఎలా పలకాలి?

అర్-తి-కొ-లత్-సియో-నె. ఊనిక ‘సియో’ మీద. బహువచనం అర్తికొలత్సియోని. స్త్రీలింగం కాబట్టి ఏకవచనంలో ముందు ‘ల’ వస్తుంది, అది మాటలోని అచ్చుతో కలిసిపోయి ‘లర్తికొలత్సియోనె’ అవుతుంది. బహువచనంలో ‘లె’ వస్తుంది.

మనవాళ్ళు తడబడేది ‘త్సి’ దగ్గర. ఇటాలియన్ ‘జెడ్’ అక్షరానికి ఉన్న ఈ ధ్వని నిజానికి మన నోట్లో ఎప్పటినుంచో ఉంది. ‘చెట్టు’ అనండి, తర్వాత ‘చాప’ అనండి. రెండింటిలో ‘చ’ ఒకటి కాదు. చాపలో ఉన్నది పాతకాలపు పుస్తకాల్లో ౘ అని రాసిన దంత్య చకారం. అదే ఇటాలియన్ జెడ్. అలాగే ‘జడ’లో ఉన్న ౙ, ‘సున్న’ అనే అర్థంలో వాళ్ళనే ‘జెరో’ మొదట్లో వినిపిస్తుంది. చిక్కల్లా ఒకటే. తెలుగులో ౘ మామూలుగా ఇ, ఎ ముందు రాదు. అందుకని ‘గ్రాత్సియె’ అనాల్సిన చోట నాలుక దానంతట అదే ‘గ్రాచియె’ వైపు జారుతుంది. ‘చాప, చాప’ అని రెండుసార్లు అనుకుని, నాలుకను అక్కడే ఉంచి ‘త్సి’ అనండి. వచ్చేస్తుంది.

ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది?

లాటిన్‌లో ‘ఆర్తుస్’ అంటే కీలు, అవయవం. దానికి చిన్నరూపం ‘అర్తికులుస్’, చిన్న కీలు. వేళ్ళ కణుపులకు రోమన్లు వాడింది ఈ మాటే. మనం చెరుకు గడకూ వేళ్ళకూ ఒకే ‘కణుపు’ వాడినట్టు, వాళ్ళూ తీగల కణుపులను అర్తికులుస్ అనే అన్నారు.

అక్కడితో ఆగలేదు. కాలంలో వచ్చే మలుపు ఘడియకు కూడా అదే పేరు పెట్టారు. ప్రాణం పోయే క్షణంలో చేసే పనిని ‘ఇన్ అర్తికులో మోర్తిస్’ అనడం ఇటలీ చర్చిలో ఇప్పటికీ ఉంది. సంస్కృతంలో ‘సంధి’ కూడా సరిగ్గా ఇలాగే పాకింది. ఎముకల సంధి, అక్షరాల సంధి, రాజుల మధ్య సంధి, పగలూ రాత్రీ కలిసే సంధ్య, సంధికాలం. వేరువేరు చోట్ల పెరిగిన రెండు సంప్రదాయాలు ఒంట్లోని కీలు దగ్గర మొదలై భాష దాకా, కాలం దాకా ఒకే దారిలో నడిచాయంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

వ్యాకరణంలో నామవాచకం ముందు వచ్చే ఆర్టికల్‌కు ఆ పేరు రావడం వెనకా కీలే ఉంది. గ్రీకులు దాన్ని ‘ఆర్త్రోన్’ అన్నారు, అంటే కీలు. రోమన్లు దాన్ని అర్తికులుస్ అని అనువదించారు. అదే ఇటాలియన్‌లో ‘అర్తీకొలో’ అయింది. పత్రికలో వ్యాసం, చట్టంలో అధికరణం, షాపులో వస్తువు, అన్నీ అర్తీకొలోలే.

డాక్టర్ దగ్గర ఎలా వాడాలి?

ఒళ్ళంతా కీళ్ళ నొప్పులుంటే ‘దొలోరి అర్తికొలారి’ అంటే చాలు. ఒక్క కీలే నొప్పి పెడుతుంటే దాని పేరే చెప్పండి. భుజం స్పల్లా, మోచేయి గోమితో, మణికట్టు పోల్సో, తుంటి అంకా, మోకాలు జినొక్కియో, చీలమండ కవీల్యా. మోకాలు నొప్పిగా ఉందనడానికి ‘మి ఫా మాలె ఇల్ జినొక్కియో’. రెండు మోకాళ్ళూ అయితే ‘మి ఫన్నో మాలె లె జినొక్కియా’. ఏకవచనంలో పుంలింగంగా ఉన్న మోకాలు బహువచనంలో స్త్రీలింగం అయిపోతుంది. వేలుకు కూడా అంతే, ‘దీతో’ ఒకటి, ‘లె దీతా’ చాలా.

నొప్పి అని చెప్పి ఊరుకోకండి. పొద్దున లేవగానే కీళ్ళు పట్టేసినట్టుంటే ‘రిజిదితా మత్తుతీనా’ అనాలి. డాక్టర్‌కు ఇది చాలా పనికొచ్చే సంగతి. ఆ పట్టేయడం కాసేపట్లో సడలుతుందా, గంట దాటినా ఉంటుందా అన్నదాన్ని బట్టి ఆయన ఆలోచించే జబ్బు మారుతుంది. వాపు ఉంటే ‘గోంఫియో’. కూర్చుని లేచేటప్పుడు కటకటమంటుంటే ‘మి స్క్రొక్కియనో లె జినొక్కియా’.

దెబ్బ తగిలినప్పుడు మనం ‘బెణికింది’, ‘కీలు తప్పింది’, ‘విరిగింది’ అని మూడు రకాలుగా చెబుతాం కదా, అక్కడా మూడున్నాయి. బెణికితే దిస్తొర్సియోనె, కీలు తప్పితే లుస్సత్సియోనె, విరిగితే ఫ్రత్తూరా. ‘స్లొగతూరా’ అని కూడా వింటారు. అది జనం మాట. బెణుకుకీ వాడతారు, కీలు తప్పినదానికీ వాడతారు. ఆస్పత్రిలో దాని మీద ఆధారపడొద్దు.

మా అమ్మకు ఆర్థరైటిస్ అని ఇక్కడి డాక్టర్ రాశారు. అక్కడి చీటీలో అర్త్రోజి అని ఉంది. జబ్బు మారిందా?

మారి ఉండకపోవచ్చు. మన దగ్గర మోకాళ్ళు అరిగిపోయినా ఆర్థరైటిసే అంటాం, వాచి ఎర్రబడే రకమైనా ఆర్థరైటిసే అంటాం. ఇటలీలో రెండు పేర్లు గట్టిగా విడదీస్తారు. అరుగుదలకు అర్త్రోజి, వాపు జబ్బుకు అర్త్రీతె. వయసు మీద పడి మోకాళ్ళు అరిగినవాళ్ళకు మామూలుగా రాసేది అర్త్రోజి. రుమటాయిడ్ రకమైతే ‘అర్త్రీతె రెఉమతోఇదె’. మందులు పూర్తిగా వేరు కాబట్టి పాత రిపోర్టులు చూపించేటప్పుడు ఇందులో ఏదో డాక్టర్‌ని అడిగి తేల్చుకోండి.

మెడిసిన్, నర్సింగ్ చదివేవాళ్ళు కీళ్ళ రకాల పేర్లు ఎలా గుర్తుపెట్టుకోవాలి?

పేర్లతో కాకుండా కదలికతో గుర్తుపెట్టుకోండి. అసలు కదలనివి, అంటే పుర్రె ఎముకల అతుకుల్లాంటివి, సినర్త్రోజి (కదలకపోయినా వైద్యంలో వీటినీ కీళ్ళలోనే లెక్కిస్తారు). కొద్దిగా కదిలేవి అంఫియర్త్రోజి. స్వేచ్ఛగా కదిలేవి దియర్త్రోజి. చివరి రకంలోనే ఎముక కొసల మీద మృదులాస్థి, చుట్టూ సంచీలా కాప్సూలా, లోపల జిగటగా ఉండే లిక్విదో సినొవియాలె ఉంటాయి.

ఇప్పుడు మీ చేతినే చూడండి. మోచేయి మడిచి చాచండి. తలుపులా ఒకే వైపు తెరుచుకుంటుంది, అది జింగ్లిమో. అరచేయి పైకీ కిందికీ తిప్పండి. ముంజేతిలో ఒక ఎముక రెండోదాని చుట్టూ దొర్లుతుంది, అది త్రొకోఇదె. బొటనవేలిని మిగతా నాలుగు వేళ్ళకూ వరసగా తాకించండి. ఆ పని చేయించేది వేలి అడుగున ఉన్న జీను ఆకారపు కీలు, ‘ఆ సెల్లా’. భుజం గుండ్రంగా తిప్పండి. గిన్నెలో బంతి లాంటి కీలు అది, ఎనర్త్రోజి. ఒంట్లో అన్నిటికంటే ఎక్కువ దిక్కులకు తిరిగేది భుజమే. ఎక్కువసార్లు తప్పేదీ అదే. ఆ గిన్నె మరీ లోతు తక్కువ కాబట్టి అంత స్వేచ్ఛ వచ్చింది, అందుకే అంత సులువుగా జారుతుంది కూడా.

ఈ చదువుకు ఇటలీ పాత ఇల్లు. శరీర నిర్మాణ శాస్త్రవేత్త వెసాలియస్ పాడువాలో పాఠాలు చెప్పి 1543లో తన శరీర నిర్మాణ గ్రంథం అచ్చు వేయించాడు. అదే ఊళ్ళో 1595లో కట్టిన శవచ్ఛేద శాల, మెట్లు మెట్లుగా లేచే చెక్క కట్టడం, ఇప్పటికీ నిలిచి ఉంది. బొలోన్యాలో 1896లో తెరిచిన రిత్సోలి సంస్థ ఎముకలు, కీళ్ళ వైద్యానికే అంకితమైన ఆస్పత్రి.

జుంతూరా అని పెద్దవాళ్ళు అంటుంటారు. అదీ ఇదీ ఒకటేనా?

ఒంటి విషయంలో ఒకటే. వాన పడేముందు జుంతూరాలు లాగుతున్నాయని ముసలివాళ్ళు అంటారు. రిపోర్టుల్లో మాత్రం అర్తికొలత్సియోనె అనే ఉంటుంది.

పళ్ళ డాక్టర్ నోట్లో నీలం కాగితం పెట్టి కొరకమన్నాడు, ‘పెర్ అర్తికొలత్సియోనె’ అన్నాడు. ఎందుకు?

కింది పళ్ళూ పై పళ్ళూ ఎక్కడ తాకుతున్నాయో చూడటానికి. కొరికిన చోట రంగు అంటుకుంటుంది. కొత్తగా నింపిన పన్ను మీద మచ్చ మరీ చిక్కగా పడితే అది ఎత్తుగా ఉన్నట్టు లెక్క. కాస్త అరగదీస్తాడు. కట్టుడు పళ్ళు తయారుచేసే చోట దవడ కదలికను అనుకరించే చిన్న పరికరం ఉంటుంది, దాని పేరు అర్తికొలతోరె. చెవి ముందు వేలు పెట్టి నోరు తెరిస్తే కదిలేది ‘అర్తికొలత్సియోనె తెంపొరోమందిబొలారె’. పేరు పొడుగు కాబట్టి రిపోర్టుల్లో మూడక్షరాలకు కుదించి రాస్తారు.

మెషీన్ల విషయంలో కూడా ఇదే మాట వాడతారా?

వాడతారు గానీ వర్క్‌షాపులో ఇంకా పొట్టి మాటలు నడుస్తాయి. తిరిగే అతుకు స్నోదో. రెండు షాఫ్ట్‌లను కలిపేది జుంతో. తలుపు మడతబందు చెర్నియేరా. చొక్కాకో బ్యాగుకో ఉండే జిప్పు కూడా చెర్నియేరాయే. కదలకుండా కలిపేస్తే జుంత్సియోనె. నీళ్ళ పైపుల మధ్య పెట్టేది రక్కోర్దో.

లారీ కింద గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకు వెళ్ళే పొడవాటి షాఫ్ట్‌కు రెండు కొసలా యూనివర్సల్ జాయింట్ ఉంటుంది కదా, ఇటలీలో దాని పేరు ‘జుంతో కర్దానికో’. పావీయాలో పుట్టిన వైద్యుడు, గణిత శాస్త్రజ్ఞుడు జెరోలామో కర్దానో (1501–1576) పేరు మీద వచ్చింది. ఒకదానిలో ఒకటి తిరిగే వలయాల మధ్య ఒక వస్తువును ఎటు ఊపినా నిటారుగా ఉండేలా వేలాడదీసే ఏర్పాటు గురించి ఆయన 1550లో అచ్చయిన పుస్తకంలో రాశాడు. ఆ ఏర్పాటు ఆయనకంటే ముందే ఉంది. రాసినందుకు పేరు ఆయనకు దక్కింది.

ఒంటి కీలునూ యంత్రపు కీలునూ ఒకే లెక్కలో పెట్టి చూసినవాడు నేపుల్స్‌లో పుట్టిన జొవాన్నీ అల్ఫోన్సో బొరెల్లి (1608–1679). ఆయన మెస్సీనాలో, పీసాలో పాఠాలు చెప్పాడు. జంతువుల కదలిక మీద ఆయన రాసిన గ్రంథం చనిపోయాక, 1680–81లో రోమ్‌లో వెలువడింది. అందులో ఆయన తేల్చిన ముఖ్యమైన సంగతి చాలామందికి ఇప్పటికీ వింతగా అనిపిస్తుంది. చేత్తో అయిదు కిలోల సంచీ పట్టుకుంటే కండరం అయిదు కిలోల బలం పెడితే సరిపోదు. సంచీ మోచేతికి జానెడుకు మించిన దూరంలో వేలాడుతుంది. దాన్ని మోసే కండరం మోచేతికి రెండు వేళ్ళ దూరంలోనే ముంజేతి ఎముకను పట్టుకుని ఉంటుంది. తులాదండం లెక్క ప్రకారం అది సంచీ బరువుకు ఎన్నో రెట్ల బలంతో లాగాలి. ఆ ఒత్తిడి అంతా పడేది కీలు మీద. అంతకుముందు పండితులు కండరాలు తక్కువ బలంతో పెద్ద బరువులు ఎత్తుతాయని అనుకున్నారు. బొరెల్లి లెక్క కట్టి తిరగేశాడు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళను బరువు తగ్గమని డాక్టర్లు పదేపదే ఎందుకు పోరతారో ఈ లెక్క తెలిస్తే బాగా అర్థమవుతుంది.

హైవే మీద ‘ఔతోఅర్తికొలాతో’ అని చూశాను. అదేం బండి?

ముందు ఇంజన్ ఉన్న ట్రాక్టర్ భాగం, దాని వెనక భాగం మీద కీలులా కూర్చున్న ట్రెయిలర్. మన పోర్టుల దగ్గర కంటైనర్లు మోసేవి చూస్తాం కదా, అవే. మామూలు లారీకి వెనక విడిగా ఇంకో ట్రెయిలర్ తగిలిస్తే దాన్ని ఔతోత్రేనో అంటారు. ఊళ్ళలో మధ్యన అకార్డియన్ మడతలున్న పొడవాటి బస్సు ఔతోస్నొదాతో. ఇవి సాధారణంగా 18 మీటర్ల పొడవు ఉంటాయి. మలుపు దగ్గర ఆ మడతల మీద నిలబడకండి, కింద గుండ్రటి పలక తిరుగుతుంది.

భాషా తరగతిలో ‘పుంతో ది అర్తికొలత్సియోనె’ అంటే?

ధ్వని పుట్టే చోటు. నోట్లో గాలికి ఎక్కడ అడ్డం పడుతుందో అది పుంతో. ఎలా అడ్డం పడుతుందో అది మోదో. ఈ పాఠం దగ్గర తెలుగువాళ్ళకు ఉన్న వెసులుబాటు చాలామందికి ఉండదు. క వర్గం గొంతు దగ్గర, చ వర్గం అంగిలి దగ్గర, ట వర్గం నాలుక మడిచి పైకి, త వర్గం పళ్ళ దగ్గర, ప వర్గం పెదాల దగ్గర. లోపలి నుంచి బయటికి వరసగా పేర్చిన పట్టిక మనం పలక మీదే దిద్దాం. కంఠ్యాలకు ఇటాలియన్ పేరు వెలారి, తాలవ్యాలకు పలతాలి, దంత్యాలకు దెంతాలి, ఓష్ఠ్యాలకు బిలబియాలి.

ఆ పట్టికలో ప్రామాణిక ఇటాలియన్‌కు లేని వరస ఒక్కటే, మూర్ధన్యాలు. అంటే ట, డ లేవు. మనం ఇంగ్లీష్ మాటల్ని ‘ట’తో పలికే అలవాటులో ఇటాలియన్‌నూ పలికేస్తాం. ‘తుత్తో’ అనాల్సింది ‘టుట్టో’ అవుతుంది. వాళ్ళ దేశం పేరే ‘ఇతాలియా’. ‘టి’ అక్షరం కనబడ్డ ప్రతిచోటా ‘తల్లి’లో త అనండి, ‘డి’ కనబడితే ‘దండ’లో ద అనండి. ఈ ఒక్క మార్పుతో మీ ఉచ్చారణ సగం బాగుపడుతుంది. సిసిలీలో మాత్రం వింత ఉంది. ‘బెల్లో’ అనే మాటను అక్కడి యాసలో ‘బెడ్డు’ అంటారు, మన డకారంతోనే. గుర్రం ‘కవడ్డు’. అక్కడ ఆ డ వినగానే మన చెవికి ఎవరో సొంతవాళ్ళు మాట్లాడుతున్నట్టే ఉంటుంది.

ద్విత్వాలు మనకు ఇంకో వరం. పాలా అంటే పార, పల్లా అంటే బంతి. నోనో తొమ్మిదవది, నొన్నో తాతయ్య. సేతె దాహం, సెత్తె ఏడు. ఇంగ్లీష్ వాళ్ళు ఈ తేడా పలకడానికి నెలల తరబడి కుస్తీ పడతారు. ‘కల’కూ ‘కల్ల’కూ తేడా తెలిసిన మనకు ఇది కష్టమే కాదు. తెలుగును ప్రాచ్య ఇటాలియన్ అని పొగడ్తగా చెప్పుకోవడం మనకు అలవాటు, మాటలు అచ్చుతో ముగుస్తాయన్న పోలిక మీద. నన్నడిగితే ఆ పోలిక కంటే ద్విత్వాలు, ౘ, దంత్య త-దలు ఎక్కువ పనికొస్తాయి. నోరు తిరగాల్సింది వాటి దగ్గరే.

టీచర్ ‘అర్తీకొలా మేల్యో!’ అంది. ఏం చేయాలి?

మాటలు మింగకుండా, ప్రతి అక్షరం తేటగా వినబడేలా పలకమని. గొంతు పెంచమని కాదు. కాస్త నెమ్మదిగా, నోరు బాగా తెరిచి చెప్పండి.

బాగా మాట్లాడేవాణ్ణి ‘అర్తికొలాతో’ అనొచ్చా?

వద్దు. ఇంగ్లీష్‌లో ఆర్టిక్యులేట్ అంటే మాటకారి కాబట్టి మనవాళ్ళు అలాగే వాడేస్తారు. ఇటాలియన్‌లో మనిషి విషయంలో ‘ఎలొక్వెంతె’ అనాలి. అర్తికొలాతో అనేది ప్రసంగానికో జవాబుకో ప్రణాళికకో వాడతారు. చాలా భాగాలుండి, అవన్నీ పద్ధతిగా అమరినది అని అర్థం. పరీక్షలో ‘రిస్పోస్తా అర్తికొలాతా’ రాయమంటే అవునో కాదో రాసి వదలకుండా కారణాలు, ఉదాహరణలతో విడమరచి రాయాలి.

సంగీతంలో దీని అర్థం?

ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి ఎలా వెళ్తామన్నది. కలిపి వాయిస్తే లెగాతో, తెంపి వాయిస్తే స్తక్కాతో, స్వరాన్ని నిండుగా నిలిపితే తెనూతో. స్వరం మీద గానీ కింద గానీ చుక్క ఉంటే స్తక్కాతో, స్వరాల మీదుగా వంపు గీత ఉంటే లెగాతో, చిన్న అడ్డగీత ఉంటే తెనూతో. కీబోర్డు పరీక్షలకు తయారయ్యే పిల్లలు స్తక్కాతో అనగానే గట్టిగా కొడతారు. తప్పు. దానికి బిగ్గరతనంతో పని లేదు. స్వరాన్ని దాని నిడివిలో దాదాపు సగం దగ్గరే వదిలేయాలి, మిగతా సగం నిశ్శబ్దం. మెత్తగా కూడా స్తక్కాతో వాయించొచ్చు.

వయొలిన్ మీద ఈ పని చేసేది కమాను. ఒకే లాగుడులో నాలుగు స్వరాలు పలికితే లెగాతో. వేణువు లాంటి ఊదే వాద్యాల మీద చేసేది నాలుక. అక్కడ సంగీతమూ ఉచ్చారణా నిజంగానే ఒకటైపోతాయి. ఫ్లూట్ పాఠంలో ‘తు, తు’ అని నాలుకతో స్వరాలు విడగొట్టమని నేర్పిస్తారు. అది సరిగ్గా మన దంత్య తకారమే.

18వ శతాబ్దం మొదటి సగంలోని స్వరలిపిలో ఈ గుర్తులు చాలా తక్కువ. వాయించేవాడు ఆ శైలిని గురువు దగ్గర విని తెలుసుకుని ఉంటాడని నమ్మి వదిలేసేవాళ్ళు. మన కృతుల పుస్తకాల్లో స్వరం, సాహిత్యం ఉంటాయి గానీ గమకం చాలావరకు గురుముఖంగానే వస్తుంది కదా. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్ళకు అందుకే ఈ పాఠం తొందరగా ఒంటబడుతుంది.

‘ప్రెపొజిత్సియోని అర్తికొలాతె’ అంటే కీళ్ళున్న విభక్తులా?

అర్తీకొలోతో కలిసిపోయిన ప్రెపొజిషన్లు. ది + ఇల్ = దెల్, ఇన్ + ఇల్ = నెల్, సు + ఇల్ = సుల్, ఆ + ఇల్ = అల్. పాస్తా ‘అల్ దెంతె’ ఉండాలంటారు కదా, అందులో ఉన్నది ఈ అల్లే. రాముడు + అతడు = రాముడతడు అని సంధి చేయడం వచ్చినవాళ్ళకు భయం అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త, మన సంధిలా ఇది అచ్చుల్ని చూసి జరగదు. పట్టికలో ఉన్నవే ఉంటాయి, వాటిని కంఠస్థం చేయాల్సిందే.

ఉద్యోగ ఒప్పందంలో, యూనివర్సిటీ ప్రకటనలో కనిపించేది?

‘అర్తికొలత్సియోనె దెల్లొరారియో’ అంటే పని గంటల్ని వారంలో ఎలా పంచారన్నది. ఇటలీ చట్టంలో మామూలు పని వారానికి 40 గంటలు. అవి అయిదు రోజుల్లోనా, ఆరు రోజుల్లోనా, షిఫ్టుల్లోనా అన్నది ఈ పదం ఉన్న పేరాలోనే తేలుతుంది. జీతం అంకె చూసి ఈ పేరా వదిలేసేవాళ్ళే ఎక్కువ. ఆదివారం డ్యూటీ, రాత్రి డ్యూటీ ఉన్నాయో లేదో ఇక్కడే తెలుస్తుంది కాబట్టి సంతకానికి ముందు నెమ్మదిగా చదవండి. ‘సు తూర్ని’ అని ఉంటే షిఫ్టులన్నమాట.

యూనివర్సిటీ ప్రకటనలో అయితే కోర్సు ఎన్ని సంవత్సరాలు, ఎన్ని సెమిస్టర్లు, ఎన్ని క్రెడిట్లు అన్న వివరం. పీజీ స్థాయి ‘లౌరెయా మజిస్త్రాలె’ 120 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్ 25 గంటల చదువు. ఆ గంటల్లో క్లాసులే కాకుండా మీరు గదిలో కూర్చుని చదివేదీ కలిసి ఉంటుంది. మంత్రిత్వ శాఖల ‘అర్తికొలత్సియోని తెరితొరియాలి’ అంటే కింది స్థాయి ప్రాంతీయ కార్యాలయాలు.

చట్టం విషయంలో?

1948 జనవరి 1న అమల్లోకి వచ్చిన ఇటలీ రాజ్యాంగంలో 139 అర్తీకొలోలున్నాయి. అర్తీకొలో కింద కొమ్మా, దాని కింద లెత్తెరా, అంటే ఎ, బి అని అక్షరాలతో గుర్తుపెట్టిన ఉపభాగం. ‘కొమ్మా 2’ అని కనబడితే అది రెండో పేరా. విరామ చిహ్నం అనుకోవద్దు, ఆ చిహ్నానికి వాళ్ళ పేరు వీర్గొలా.

‘ఆర్తి’ అంటే కళలని చదువుకున్నాం. ఆస్పత్రిలో ‘ఆర్తి ఇన్ఫెరియోరి’ అన్నారే?

అక్కడ కాళ్ళు. అవయవం ఆర్తో, కళ ఆర్తె. బహువచనంలో రెండూ ఆర్తి అయిపోతాయి. ముందున్న అర్తీకొలో చూడండి. ‘ల్యి ఆర్తి’ అయితే కాళ్ళూ చేతులూ, ‘లె ఆర్తి’ అయితే కళలు.

ఇంగ్లీష్‌లో జాయింట్ అన్న ప్రతిచోటా అర్తికొలత్సియోనె వాడొచ్చా?

వాడకూడదు. టైల్స్ మధ్య సందు ఫూగా. వడ్రంగి చెక్కకు చెక్క కొరికించి పెట్టే అతుకు ఇంకాస్త్రో, అందులో విసనకర్రలా వెడల్పయ్యే రకం ‘కోదా ది రోందినె’, అంటే వాన కోవెల తోక. వంతెన మీద ఎండకు సాగడానికి వదిలే ఖాళీ ‘జుంతో ది దిలతత్సియోనె’. రైల్వే జంక్షన్ ‘స్నోదో ఫెర్రొవియారియో’, బొలోన్యా అలాంటిదే.

బ్యాంకులో జాయింట్ అకౌంట్ ‘కోంతో కోఇంతెస్తాతో’. భార్యాభర్తలు తెరిచేటప్పుడు ఫారంలో ఇంకో గడి ఉంటుంది. ‘ఫీర్మా దిజ్జుంతా’ అని టిక్ పెడితే ఇద్దరిలో ఎవరైనా ఒక్కరే వెళ్ళి డబ్బు తీయొచ్చు. ‘ఫీర్మా కొంజుంతా’ అయితే ప్రతిసారీ ఇద్దరి సంతకాలూ కావాలి. ఒకరు సెలవులకు ఇండియా వచ్చే అలవాటుంటే మొదటిదే మేలు.